నలభై రెండు ఖలాస్ పిలకలు

మా ఇంట్ల పొద్దుగాల అయిదింటికి నాయిన బోరు మోటరు ఏస్తడు. ఆ సప్పుడుకు అవ్వ, అంటె మా అమ్మ, లేస్తది. అవ్వ గిన్నెల సప్పుడుకు మేకలు లేస్తయి. మేకలు లేసినంక ఇగ పండుకునుడు ఎవ్వరితోని గాదు, నేను లేస్త. ఇంజినీరింగ్ చదివిన పొల్లను, ఫోన్ల నాలుగు అలారాలు పెట్టుకున్న. ఒక్కటి గుడ ఇప్పటిదాంక నన్ను లేపింది లేదు.

ఇల్లంటె పెద్ద ఇల్లేం గాదు. అల్ ఐన్ ఊరి బయట ఒక ఖర్జూరం తోట మూలకు, రేకుల కప్పు తోటి రెండు అర్రలు. తోట మా అర్బాబ్‌ది. అర్బాబ్ అంటె యజమాని. ఆయన పేరు సైఫ్, కానీ ఆ పేరు పెట్టి పిలిచేటోళ్లు ఆయన ఇంట్ల గుడ లేరు కావచ్చు. మా నాయిన భీమయ్య, జగిత్యాల దిక్కు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. పద్దెనిమిదేండ్ల కింద ఈడికి వచ్చినప్పుడు, చెట్టెక్కుడు వచ్చా అని అర్బాబ్ అడిగితె, ఊరి నుంచి తెచ్చుకున్న మోకు నడుముకు ఏసుకొని ఖర్జూరం చెట్టు సగం దాంక ఎక్కి మీదికెళ్లి సలాం కొట్టిండంట. అప్పుడు దొరికిన నౌకరి ఇంకా నడుస్తుంది.

నేను పెరిగింది నాయిన గొంతు ఫోన్ల వినుకుంట. మూడేండ్ల కింద నాకు ఇక్కడ నౌకరి దొరికింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటె వేరేటోళ్లు చేసిన తప్పులు పట్టి వాళ్లకే చూపెట్టుడు. వారంల మూడొద్దులు ఇంట్లకెళ్లే పని. నౌకరి రాంగనె అవ్వను నా వీసా మీద తెచ్చిన. అట్ల మేం ముగ్గురం ఒక్క కప్పు కింద ఉండవట్టి మూడేండ్లు. నాయిన రోజూ ఒక్క తీర్గనె దగ్గుతడు, అవ్వ రోజూ ఒక్క తీర్గనె తిడుతది, నేను రోజూ ఒక్క తీర్గనె బాత్రూం కాడ లైన్ల నిలవడుత. వేరేటోళ్లకు ఇది బోరు. మాకు ఇంకా కొత్తనే.

అయితె ఇది ఎన్నొద్దులు ఉంటదన్నది మాత్రం నలభై రెండు పిలకల మీద ఆధారపడి ఉండె.

ముచ్చట ఏందంటె, అర్బాబ్ కొడుకులకు ఈ తోట వద్దు. చెట్లు పీకి, స్విమ్మింగ్ పూల్ కట్టి, శనివారం ఆదివారం కిరాయికి ఇచ్చే విడిది చేద్దమంటరు. అర్బాబ్‌కు మనసొప్పలే. వాళ్ల తండ్రి పెట్టిన ముసలి చెట్ల మొదళ్ల నుంచి పోయిన సెప్టెంబర్ల నాయిన నలభై రెండు పిలకలు తీసి కొత్త మడిల నాటిండు. "బీమా, ఇవి బతికితె తోట ఉంటది. లేకుంటె పోరగాండ్లు చెప్పినట్టు చేస్త" అన్నడు అర్బాబ్. తోట లేకుంటె నాయిన వీసా లేదు. నాయిన ఊరికి పోతడు, ఆయన ఎన్కనె అవ్వ పోతది, నేను అల్ ఐన్‌ల ఒక్క అర్రల ఆరుగురు పండుకునే బెడ్ స్పేస్‌కు పోత. ఇగ మల్ల ఫోన్ల దగ్గు వినుడే.

ఆ ఖర్జూరం రకం పేరు ఖలాస్. దుబాయ్ మొత్తం మీద ఖలాస్ అంటె అయిపోయింది అని అర్థం. పని ఖలాస్, బస్సు ఖలాస్, నువ్వు ఖలాస్. మా నాయిన పొద్దందాక "నా ఖలాస్‌లు, నా ఖలాస్‌లు" అనుకుంట తిరుగుతుంటె కొత్తగ వచ్చినోళ్లు ఏమైందో అని నీళ్లు తెచ్చిస్తరు.

ఫిబ్రవరిల ఒక పొద్దు, ఇంకా ఆరు కొట్టలే, నాయిన ఫోను మోగింది. అర్బాబ్ మోకాలు ఆపరేషన్‌కు జర్మనీ పోతుండు, విమానంల కూసున్నడు. రోజూ ఆయన వాయిస్ మెసేజ్ పెడుతడు. నాయినకు అరబ్బీ మాట్లాడొస్తది గని చదువరాదు. పక్క సీట్ల ఎవరన్న పండుకున్నరో ఏమో, ఆ పొద్దు మాత్రం రాసి పెట్టిండు.

"బిడ్డా, జర ఇది అరబ్బీల చదివి వినిపియ్యి" అన్నడు నాయిన.

"నాకు అరబ్బీ వస్తదా నాయిన. అయినా అరబ్బీల ఎందుకు, సక్కగ తెలుగుల చెప్త." ఫోను గుంజుకొని అనువాదం యాప్‌ల ఏసిన. రెండు సెకన్లు పట్టింది. "ఇయ్యాల పగటీలికి చలి వస్తదంట. పిల్లలకు మంచిగ కప్పుమన్నడు. ఇంట్ల ఏముంటె అది కప్పుమన్నడు. మల్ల, దేవుడు నిన్ను సల్లగ చూడాలె అన్నడు."

"పిల్లలకా?" నాయిన గడ్డం గోక్కున్నడు. "ఏ పిల్లలకు?"

"నాకు కావచ్చు."

"నీకెందుకు కప్పుతరే, ఇరవై ఆరేండ్లు వచ్చినయి" అన్నది అవ్వ పొయ్యికాడికెళ్లి. అవ్వ పేరు బాలవ్వ. బాల అన్నది పేరులనే ఉన్నది, మా ఇంటికి అసలు అర్బాబ్ ఆమెనే. "మేకపిల్లలకు. మొన్ననే గద మూడు మేకలు ఈనినయి. అర్బాబ్‌కు అవంటె పానం. పోయిన శుక్రవారం ఒకదాన్ని కారుల సుత తిప్పిండు."

ఆమె చెప్పింది కరెక్టే అనిపించింది. నాయిన మాత్రం ఇంకోపారి, "ఒక్కసారి అరబ్బీల విందునా అని..." అన్నడు. నేను అప్పటికే బ్రష్ నోట్ల పెట్టుకున్న. ఆ యాప్‌ల కింద చిన్న స్పీకర్ బొమ్మ ఉంటది, నొక్కితె అదే చదువుతది. నొక్కలే. తెలుగు ఉండంగ అరబ్బీ ఎందుకని.

అర్బాబ్‌ను మల్ల అడుగుదమంటె ఆయన విమానం లేసిపోయింది.

ఇగ మా ఇంట్ల పని మొదలైంది. ఏడు మేకపిల్లలను ఎత్తుకొచ్చి నా అర్రల పెట్టినం, ఎందుకంటె నా అర్రల హీటర్ ఉన్నది. పిలకలు ఏర్లు పట్టినయని పోయిన వారమే నాయిన వాటికి చుట్టిన గోనె సంచులు ఇప్పి షెడ్డుల మడత పెట్టిండు. ఆ గోనెలన్ని తెచ్చి పిల్లల కింద పరిచినం. ఇంట్ల ఉన్న అయిదు దుప్పట్లు, ఒక రజాయి వాటి మీద కప్పినం. బయట పంతొమ్మిది డిగ్రీలు. మేకపిల్లలు రజాయిలకెళ్లి తలకాయలు బయట పెట్టి, తప్పు ఎవలదో తెలిసినట్టు నా దిక్కే చూసినయి.

తొమ్మిదిన్నరకు రోజూ ఉండే మీటింగ్. మా మేనేజర్ ప్రసన్నకుమార్ గారిది రాజమండ్రి. దుబాయ్‌ల కూసుంటడు, కోప్పడ్డా గుడ "అండి" మర్చిపోడు.

"సుభాషిణి గారూ, మీ వెనకాల ఎవరో ఏడుస్తున్నట్టున్నారండి."

"మేకండి."

"ఓహో. ఇంటిపేరాండి?"

"కాదండి, మేకనే. ఏడున్నయి."

అదే నిమిషంల నల్లమచ్చల పిల్ల టేబుల్ ఎక్కి కీబోర్డు మీద నడిచింది. నేను నెల రోజుల నుంచి మూసెయ్యనియ్యని ఒక బగ్‌ను అది ఒక్క కాలుతోని "పరిష్కరించబడింది" చేసి దిగింది.

పదకొండు దాంక అంతా రోజు లెక్కనే నడిచింది. అవ్వ సర్వపిండి కలిపి తపుక గిన్నెకు ఒత్తుకుంట ఉన్నది. నాయిన నీళ్ల పైపులు చూడవోయిండు. నేను కాళ్ల కింద మేకలను పెట్టుకొని పని చేస్తున్న. చలి మాత్రం రాలే. జెబెల్ హఫీత్ గుట్ట మీద మబ్బు మాత్రం కుప్పవోసినట్టు నిలవడ్డది, సున్నం రంగుది, కింద ఆకుపచ్చ చాయ ఉన్నది. ఆకుపచ్చ మబ్బు నేను ఎన్నడు చూడలే.

పదకొండు ముప్పావుకు ప్రసన్నకుమార్ గారు మల్ల ఫోన్ చేసిండు. మేక మూసిన బగ్ గురించి అనుకున్న.

"సుభాషిణి గారూ, మీ వైపు జాగ్రత్తండి. అల్ ఐన్‌లో వడగళ్లు పడతాయంట. పొద్దుట్నుంచీ మా ఆఫీసులో అందరూ బరద్ బరద్ అని ఒకటే గోల."

"బర్ద్ అంటె చలి గదండి."

"బర్ద్ చలేనండి. ఇది బరద్. వడగళ్లు. రాసేటప్పుడు రెండూ ఒకలాగే రాస్తారంట, చదివేవాడే చూసుకోవాలంట. భలే భాష కదండి?"

భలే భాషనే. అర్బాబ్ మెసేజ్ నా ఫోనుకు పంపుకొని ఉంటి పొద్దున, దాన్ని తెరిచిన. బ, ర, ద. మూడే అక్షరాలు. చలి అని యాప్ అనుకున్నది, యాప్ అనుకున్నదని నేనన్న. ఇప్పుడు ఆ స్పీకర్ బొమ్మ నొక్కిన. ఆడమనిషి గొంతు ఒకటి సల్లగ చదివింది. నడుమల, యాప్ పిల్లలు అన్న కాడ, ఒక మాట వినవడ్డది: సిగార్.

ఫోను పట్టుకొని మడికాడికి ఉరికిన. నాయిన మోకాళ్ల మీద కూసొని పైపుకు గుడ్డ చుట్టుతుండు.

"నాయిన, సిగార్ అంటె ఏంది?"

"చిన్నయి అని. ఎందుకు?"

"అర్బాబ్ దేన్ని అంటడు సిగార్ అని?"

"ఇగో ఇవే" అని నాయిన పిలక మీద చెయ్యి పెట్టిండు. "రోజు అడుగుతడు గద, నా సిగార్ ఎట్లున్నయి అని." అని, నా మొఖం చూసిండు. ఎన్క మబ్బు దిక్కు చూసిండు. నేను రాళ్లవాన అని చెప్పెదాంక గుడ ఆగలే, లేసి నిలవడ్డడు.

నన్ను ఒక్క మాట అనలే. అంటె మంచిగుండు. "గోనెలు ఏడున్నయే?" అని అవ్వను పిలిచిండు.

"ఏడుంటయి, మేకల కింద" అన్నది అవ్వ వాకిట్లకు వచ్చి. "నువ్వే గద పరుపుమన్నవ్."

"పిల్లలు గాదు బాలవ్వా. పిలకలు."

అవ్వ చేతుల పిండి అట్లనె ఉన్నది. ఆమె నా దిక్కు చూసింది, మబ్బు దిక్కు చూసింది. "ఒక్క అక్షరమే గద తేడా" అన్నది, అది తిట్టో ఓదార్పో నాకు ఇప్పటికి తెల్వదు.

ఖర్జూరం గురించి నాకు నాయిన చెప్పిందే తెలుసు. దాని పానం నడిమిట్ల ఉంటది, మొవ్వుల. ఆకులు ఎన్ని విరిగినా మల్ల వస్తయి. మొవ్వు చీలి నీళ్లు దిగినయంటె లోపటికెళ్లి కుళ్లి చెట్టు మొత్తం పోతది. పెద్ద చెట్టుకు మొవ్వు చుట్టు గట్టి మట్టలు ఉంటయి. పిలకకు ఏం లేదు. పసిపిల్లకు మాడ మెత్తగ ఉన్నట్టు ఉంటది.

మేం గోనెలు గుంజుతుంటె మేకపిల్లలు లేస్తలెవ్వు. ఆరు గంటల సంది వెచ్చగ పండుకొని అలవాటైనయి. గోనెలు సగం తడిసి ఉన్నయి, ఏంతోని తడిసినయో చెప్పాల్సిన పని లేదు. అప్పుడే పక్క తోట అమానుల్లా పికప్ ఏసుకొని వచ్చిండు. పెషావర్ దిక్కు పఠాన్, ఆరడుగులు, నాయినతోని పదేండ్ల దోస్తీ.

"భీమా భాయ్, కంబల్ దేదో. గాడీ కో ఓఢానా హై." దారి పొడుగున అందరు కార్లకు దుప్పట్లు, పరుపులు, చాపలు కట్టుతున్నరంట. ఆయన బండికి కప్పెతందుకు దుప్పటి కావాలె.

నాయిన మడి దిక్కు చూపెట్టిండు, రెండు ముక్కలు హిందీల చెప్పిండు. అమానుల్లా తన పికప్ దిక్కు ఒక్కపారి చూసిండు. "గాడీ తో ముదీర్ కీ హై" అని, బండి మేనేజర్‌ది తనది కాదన్నట్టు చెయ్యి ఊపి, కుర్తా చేతులు మడిచిండు.

పిలకను కప్పెతందుకు ఒక పద్ధతి ఉన్నది. ఆకులన్ని మీదికి లేపి మొవ్వు చుట్టు దగ్గరికి పట్టాలె, తాడు రెండు చుట్లు చుట్టి ముడెయ్యాలె, దాని మీదికెళ్లి గోనె తొడిగి కింద బిగియ్యాలె. ముడి గీతగాండ్ల ముడి: ఎంత గుంజితె అంత బిగుస్తది, కొస పట్టి ఒక్క గుంజు గుంజితె ఊడుతది. నాయిన చేతికి అది కండ్లు మూసుకున్నా వస్తది. నేను ఏసింది బూటు లేసు ముడి. మూడో పిలక కాడికి పోయేవరకు మొదటిది ఇప్పుకొని నవ్వుతుంది.

"ఇంజినీరింగ్‌ల ముడులు చెప్పలేదా?" అన్నది అవ్వ. ఆమె చేతులు నాయిన కంటె జోరుగ ఆడుతున్నయి. పెండ్లయిన కొత్తల కల్లు లొట్లకు తాళ్లన్ని ఆమెనే కట్టేదంట. మూడేండ్ల సంది కలిసి ఉంటున్నం, ఈ ముచ్చట నాకు ఆ పొద్దే తెలిసింది.

"ఉండె అవ్వ, నేను తీసుకోలే."

"అయితె సంచులు తొడుగు. దానికి చదువు అక్కర్లే."

అట్ల మాకు ఒక వరుస కుదిరింది. నాయిన, అవ్వ చెరొక సాలుల కట్టుకుంట పోతున్నరు, ఎన్కనె నేను మేకల వాసన కొట్టే గోనె తొడుగుతున్న, నా ఎన్క అమానుల్లా కింద బిగిచ్చి రాయి పెడుతుండు. చిరిగినయి పోంగ మిగిలిన గోనెలు అయిపోయినంక దుప్పట్లు ఏసినం, నా రజాయి ఏసినం. రజాయి మీద పెద్ద పెద్ద గులాబీ పువ్వులుండె. దాన్ని ఏసుకున్న పిలక పెండ్లికి తయారైనట్టు నిలవడ్డది.

ముప్పై రెండోది కట్టుతుంటె గాలి ఒక్కపారి ఆగింది. ముప్పై మూడోదానికి అవ్వ కప్పుకునే శాలువ తీసి చుట్టిన. అప్పుడు నా ఫోన్ మీద టక్కున ఒకటి వడ్డది. శెనగగింజంత, తెల్లగ. ఎన్కనె పికప్ మీద ఇంకొకటి. మూడోది రేగుపండంత.

"లోపటికి నడువున్రి" అన్నది అవ్వ.

ఇంకా తొమ్మిది ఉన్నయి. నాయిన ముప్పై నాలుగోదాని కాడికి పోయి ఆకులు లేపుతుండు. తలకాయ మీద సిమెంటు గంప బోర్లిచ్చుకున్నడు. గంప మీద రాళ్లు టంగుటంగుమంటున్నయి. అవ్వ పోయి ఆయన అంగీ ఎన్కకెళ్లి పట్టి గుంజింది. "నీ తలకాయ పలిగితె బతికిన ముప్పై మూడింటిని ఎవడు చూస్తడయ్యా? నీ బిడ్డ చూస్తదా?"

ఆ మాటకు నాయిన వచ్చిండు. నా మీద అంత నమ్మకం మా ఇంట్ల.

లోపట నలుగురం, ఏడు మేకపిల్లలు. రేకుల మీద సప్పుడు ఎట్లున్నదంటె పక్కనోళ్లు మాట్లాడితె పెదవులు చూసి అర్థం చేసుకోవాలె. కిటికీలకెళ్లి చూస్తే భూమి తెల్లగైంది. నిమ్మకాయలంత రాళ్లు కిందవడి మల్ల ఎగురుతున్నయి. అమానుల్లా పికప్ ముందు అద్దం మీద సాలెగూడు లెక్క గీతలు వచ్చినయి. ఆయన చూసి "ముదీర్ ఖుష్ హోగా" అన్నడు, మేనేజర్ సంతోషపడుతడని. అవ్వ తలుపు జరంత తెరిచి రొట్టెల కర్ర వాకిట్లకు ఇసిరింది. రాళ్లవాన వడితె వాకిట్ల రోకలి ఎయ్యాలె, ఆగుతదని మా అమ్మమ్మ పద్ధతి. ఇక్కడ రోకలి లేదు. రొట్టెల కర్ర వడంగనె వాన ఇంక గట్టిగైంది.

"చిన్నగున్నది కదా, పని చేస్తలేదు" అన్నది అవ్వ.

తర్వాత పన్నెండున్నరైందని పళ్లాలు పెట్టింది. రోజూ మేం పన్నెండున్నరకు తింటం. ఆకాశం కూలుతుందని అవ్వ టైం మార్చదు. సర్వపిండి, పెరుగు. అమానుల్లాకు రెండు ఎక్కువ ఏసింది. ఆయన గట్టిగ కొరికి, "మాషా అల్లా, పత్థర్ జైసా" అన్నడు. రాయి లెక్క ఉన్నదంటే మెచ్చుకునుడే అని అవ్వ అనుకున్నది, నేను సరిదిద్దలే. ఆ ఒక్క పొద్దుకు నేను చేసిన అనువాదాలు చాలు.

నాయిన పళ్లెం ముందట కూసున్నడు గని చెయ్యి కడుగలే. తలుపు సందుల నుంచి ఆ తొమ్మిదింటి దిక్కే చూస్తుండు. నేను పోయి పక్కన కూసున్న.

"నాయిన, తప్పు నాది. నువ్వు చదువుమన్నవ్, నేను చదవలే."

ఆ సప్పుడుల ఆయనకు వినవడ్డదో లేదో. సర్వపిండి ముక్క ఒకటి తుంచి నా పళ్లెంల పెట్టిండు.

వాన తగ్గిందో లేదో ఆయన ఉరికిండు. ఫోను అరుగు మీదనే మర్చిపోయిండు. అదే టైంకు అది మోగింది. అర్బాబ్. విమానం దిగిండు. నేను చేతులు తుడుచుకునేవరకు అవ్వ ఎత్తింది. అవ్వకు వచ్చిన అరబ్బీ నాలుగు మాటలు. పిలకలు చాలామట్టుకు బాగనే ఉన్నయి, భయపడకు అని చెప్దామనుకున్నది పాపం.

"హలో బాబా. ఖలాస్, బాబా. కుల్లు ఖలాస్."

కుల్లు అంటె అన్ని. అవతల ఒక్క సప్పుడు లేదు. ఆపరేషన్ కాకముందే మనిషి పోయిండేమో అనుకున్న. ఫోను గుంజుకొని, మంచు మీద జారుకుంట నాయిన కాడికి ఉరికి స్పీకర్ పెట్టి ఇచ్చిన.

నాయిన ముందుగాల ఖలాస్ ఖలాస్ కాలేదని చెప్పిండు. ముప్పై మూడు మంచిగున్నయి, తొమ్మిదికి దెబ్బ తాకింది అన్నడు. మూడేండ్ల సంది వినుకుంట వినుకుంట నాకు సగం అర్థమైతది. అర్బాబ్ గొంతు లేసింది. "పొద్దున ఆరింటికి చెప్పిన. పగటీలి దాంక ఏం చేసినవ్, బీమా?"

నేను చెయ్యి చాపిన. నాకియ్యి, నేను చెప్త అన్నట్టు. నాయిన భుజం తిప్పి నాకు వీపు చూపెట్టిండు.

"నాదే తప్పు బాబా. సిగార్ అంటె మేకపిల్లలు అనుకున్న. వాటికి కప్పిన."

"మేకలకా?"

"ఏడింటికి. హీటర్ గుడ పెట్టిన."

ఫోన్ల ఏదో సప్పుడు వచ్చింది, దగ్గు అనుకున్న. కాదు, నవ్వుతుండు. పక్కన ఎవరికో చెప్పి మల్ల నవ్విండు. "మేకలు ఎట్లున్నయి?" అన్నడు.

"చెమటలు పట్టినయి."

నవ్వు ఆగినంక అర్బాబ్ గొంతు మామూలైంది. "ఆ తొమ్మిది సంగతి?"

"ఇప్పుడు చెప్పరాదు. వారం ఆగాలె. అప్పుడు మొవ్వే చెప్తది."

"అయితె వారానికి నేను గుడ చెప్త" అని పెట్టేసిండు. ఏం చెప్తడో చెప్పలే.

"నేను చెప్తుంటి గద నాయిన" అన్న.

"నువ్వు చెప్తె నా బిడ్డకు చదువు రాదనుకుంటడు. నాకు రాదని ఆయనకు పద్దెనిమిదేండ్ల సంది ఎరుకే."

ఆ వారం మా ఇంట్ల అన్ని రోజూ లెక్కనే నడిచినయి, జర మెల్లగ. అమానుల్లా అద్దానికి టేపు ఏసుకొని తిరిగిండు. మేక మూసిన బగ్‌ను నేను మల్ల తెరిచిన, కారణం కాడ ఏం రాయాల్నో తెల్వక "అనుకోని ఇన్‌పుట్" అని రాసిన. నాయిన రోజు పొద్దున, మాపున ఆ తొమ్మిదింటి కాడ కూసుంటుండె. చెయ్యి మాత్రం పెట్టకపోతుండె. అవ్వ గుడ అడగకపోతుండె. అవ్వ అడగని ముచ్చట మా ఇంట్ల ఇంకొకటి లేదు.

ఎనిమిదో పొద్దు నన్ను రమ్మన్నడు. మొవ్వుల నడిమి ఆకు, ఇంకా ఇచ్చుకోనిది, బల్లెం లెక్క నిలవడి ఉంటది. దాన్ని రెండు వేళ్లతోని పట్టి మెల్లగ మీదికి గుంజాలె. గట్టిగ పట్టుకొని ఉంటె చెట్టు బతికినట్టు. చేతిలకు వచ్చిందంటె లోపట మురిగినట్టు.

మొదటిది చేతిలకు వచ్చింది. కొస గోధుమ రంగైంది, పులిసిన వాసన. రెండోది సుత వచ్చింది. నాయిన దాన్ని పక్కకు పెట్టి చెయ్యి లుంగీకి తుడుచుకున్నడు. మూడోది రాలే. నాలుగోది రాలే. అయిదోది వచ్చింది. ఆరోదానికి నన్ను గుంజుమన్నడు. నేను పట్టిన. జరంత గుంజిన, ఇంకా జర గుంజిన. ఆ ఆకు నన్నే కిందికి గుంజినట్టు అనిపించింది.

"ఇగ ఇడువు, పీకుతవ్" అన్నడు నాయిన.

చివరికి నాలుగు పోయినయి. అయిదు నిలవడ్డయి. మొత్తం ముప్పై ఎనిమిది.

నాయిన వాయిస్ మెసేజ్ పెట్టిండు, లెక్క చెప్పిండు, ఒక్కమాట ఎక్కువ చెప్పలే. పది నిమిషాలకు జవాబు వచ్చింది. ఈసారి వాయిసే. ముగ్గురం అరుగు మీద కూసొని విన్నం. ఎన్క ఆస్పత్రి సప్పుడు, ఎవరో జర్మన్‌ల ఏదో అంటున్నరు. అర్బాబ్ రెండే ముక్కలు అన్నడు.

"ఏమన్నడు?" అన్నది అవ్వ. ఆమె నన్ను అడగలే. ఈ వారం సంది అరబ్బీ ముచ్చట్లు నన్ను అడుగుడు బందు వెట్టింది.

నాయిన ఇంకోపారి విన్నడు, తప్పు పోవద్దని. "సెప్టెంబర్ల ముసలి చెట్ల కాడికెళ్లి ఇంకో నాలుగు తీసి పెట్టుమన్నడు."

"ఏ సెప్టెంబర్?"

"వచ్చే సెప్టెంబర్."

"ఎవల్ని పెట్టుమన్నడు?"

"నన్నే. ఇంకెవల్ని?"

అవ్వ లేసి లోపటికి పోయింది. సూట్‌కేసు జిప్పు తీసిన సప్పుడు వచ్చింది, మల్ల పెట్టిన సప్పుడు వచ్చింది. చేతిల ఒక కాగితం పొట్లం పట్టుకొని వచ్చింది. ఊర్లె విత్తనాల దుకాణంల కొన్నది, ముద్ర మీద తారీఖు చూసిన. మూడేండ్ల కిందిది.

"పుంటికూర గింజలు" అన్నది. "పైపు కాడ జర జాగ ఉన్నదా? అటు దిక్కు, ఎవలకు అడ్డం గాకుంట."

"మూడేండ్ల సంది పెట్టెల ఉన్నయా ఇవి?" అన్న నేను.

"పెట్టి పోతె ఎవడు తింటడే?" అన్నది అవ్వ. "ఇప్పుడు మొలుస్తయో లేదో గుడ తెల్వదు."

నాయిన లేసి, గునపం తీసుకొని పైపు దిక్కు నడిచిండు. "మొలవకుంటె మల్ల కొందం. ముందుగాల నీళ్లు పెట్టనియ్యి."